వాన లెక్క, బోరు లోతు: ఊరి నీటి లెక్కల్ని ఓపెన్ డేటాగా మార్చడం ఎలా?

మన ఊరి నీళ్ల గురించి ప్రభుత్వం దగ్గరున్న సమాచారం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. మండలంలో ఏ రోజు ఎంత వాన పడింది, నీటిమట్టం కొలవడానికే భూగర్భ జల శాఖ బోరులా వేసిన పీజోమీటర్‌లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఏ చెరువు కింద ఎంత ఆయకట్టు ఉంది అన్నవి ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి. బోరు వేయించే రైతు మాత్రం ఇప్పటికీ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించే మనిషి మాటే నమ్ముతున్నాడు. అతన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అతనికి అర్థమయ్యే రూపంలో ఆ లెక్కలు ఎవరూ చూపించలేదు, అంతే.

ఆ లెక్కల్ని సంపాదించి, శుభ్రం చేసి, గ్రామసభలో పనికొచ్చేలా పెట్టి, ఆ తర్వాత ఎవరైనా వాడుకునేలా ఓపెన్ డేటాగా ఎలా వదలాలో ఈ మార్గదర్శి చెబుతుంది. ఊళ్లో చదువుకున్న ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, ఒక ల్యాప్‌టాప్, మాట సాయానికి పంచాయతీ కార్యదర్శి ఉంటే మొదలుపెట్టొచ్చు. నీళ్లతోనే మొదలుపెట్టమనడానికి కారణం, అందులో ఫలితం ఒక్క పంట కాలంలోనే కంటికి కనిపిస్తుంది.

ఓపెన్ డేటా అంటే వెబ్‌సైట్‌లో కనిపించే డేటా అని చాలామంది అనుకుంటారు. అది సరిపోదు. ఎవరైనా ఉచితంగా దించుకోగలగాలి, కంప్యూటరు నేరుగా చదవగలిగే ఫైలై ఉండాలి, మళ్లీ వాడుకోవడానికీ పంచుకోవడానికీ అనుమతి ఉన్నట్టు స్పష్టంగా రాసి ఉండాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. రంగురంగుల డ్యాష్‌బోర్డులో చాలాసార్లు మూడూ ఉండవు.

ఇది అయ్యే పనేనా?

అయ్యింది కూడా. 2003లో మొదలై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఏపీ ఫామ్స్ అనే పేరుతో ఒక ప్రాజెక్టు నడిచింది. మొదట నెదర్లాండ్స్ ప్రభుత్వం, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా నిలిచాయి. రైతులే రోజూ వాన కొలిచేవారు, పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం చూసేవారు. డ్రమ్ము, స్టాప్‌వాచ్ పట్టుకుని బోరు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో లెక్కగట్టేవారు. ఆ అంకెల్ని ఊళ్లో గోడ మీద బోర్డు రాసి పెట్టేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని నేలలో ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకుంటున్న పంటలకు కావలసిన నీళ్లెన్ని అని పద్దు వేసేవారు. వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు, మానేస్తే డబ్బులిస్తామనీ అనలేదు. అంకెలు చూసుకుని ఎవరి పంట వాళ్లే మార్చుకున్నారు. నా దృష్టిలో ఓపెన్ డేటా గురించి రాసిన ఏ పాలసీ పత్రం కన్నా ఆ గోడ బోర్డే మంచి పాఠం.

మొదటి మెట్టు: ప్రశ్న రాసుకోండి

"మా ఊరి డేటా అంతా కావాలి" అని బయల్దేరితే ఆరు నెలలు ఫోల్డర్లు నింపడమే సరిపోతుంది. ఒక కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాయండి. ఉదాహరణకు: "ఈ నవంబరులో మన భూగర్భ జలం ఎన్ని ఎకరాల రబీని మోయగలదు?" దీనికి ఏ డేటా కావాలో దానంతట అదే తేలిపోతుంది: గత పదేళ్ల వాన, ఏటా మేలోనూ నవంబరులోనూ నీటిమట్టం, ఊళ్లో పనిచేస్తున్న బోర్ల సంఖ్య, రబీలో ఏ పంట ఎన్ని ఎకరాలు.

ఆ ప్రశ్నకు జవాబు ఎవరికి కావాలో కూడా పక్కనే రాయండి. రైతులకా, సర్పంచికా, ఇంజినీరుకా? ఎవరికీ అక్కర్లేని ప్రశ్నయితే అక్కడే ఆపేయడం మంచిది.

రెండో మెట్టు: ఇప్పటికే బయట ఉన్నది వెతకండి

కేంద్రానికి డేటా.గవ్.ఇన్ అనే పోర్టల్ 2012 నుంచి ఉంది. తెలంగాణ 2016లో సొంత ఓపెన్ డేటా పాలసీ తెచ్చి, ప్రత్యేక పోర్టల్ పెట్టింది. వాన, వాతావరణం, భూగర్భ జలాల ఫైళ్లు అందులో దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో జలవనరుల సమాచార వ్యవస్థ డ్యాష్‌బోర్డు ఉంది. దేశం మొత్తానికి కేంద్ర జలవనరుల సమాచార సైట్ ఇండియా డబ్ల్యూఆర్‌ఐఎస్‌లో స్టేషన్ల వారీగా వాన, నీటిమట్టం చూడొచ్చు. పంచాయతీ ప్రణాళికలు, ఖర్చులు 2020లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఉంటాయి. కుళాయి కనెక్షన్ల లెక్క ఊళ్ల వారీగా జల్ జీవన్ మిషన్ సైట్‌లో ఉంటుంది.

ఏది దించుకున్నా ఆ రోజు తేదీ, ఏ పేజీ నుంచి తీసుకున్నారో ఒక నోట్సు ఫైలులో రాసి పెట్టుకోండి. ప్రభుత్వ సైట్లు మారుతుంటాయి, పేజీలు మాయమవుతుంటాయి. అసలు ఫైలును అలాగే దాచి, కాపీ మీదే పని చేయండి.

మూడో మెట్టు: లేనిది అడగండి

ముందు మామూలుగా అడగండి. మండల స్థాయిలో గణాంకాలు చూసే అధికారి దగ్గరికి వెళ్లి, ఫలానా పదేళ్ల వాన లెక్క ఎక్సెల్‌లో ఇవ్వగలరా అంటే చాలాసార్లు పెన్‌డ్రైవ్‌లో అక్కడికక్కడే ఇచ్చేస్తారు. మొదటి రోజే సమాచార హక్కు దరఖాస్తు పట్టుకెళితే ఆఫీసులో అందరికీ టెన్షన్ మొదలవుతుంది, ఇవ్వాలనుకున్నవాళ్లు కూడా ఆగిపోతారు.

అడిగినా రాకపోతే అప్పుడు చట్టం. సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4 ప్రకారం ఆఫీసులు చాలా సమాచారాన్ని ఎవరూ అడగకముందే బయట పెట్టాలి. పెట్టకపోతే సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. మన రాష్ట్రాల నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దరఖాస్తులో అసలు కిటుకు అడిగే తీరులో ఉంది. ఇలా రాయండి (సీఎస్‌వీ అంటే ఏ కంప్యూటరైనా నేరుగా చదవగలిగే సాదా పట్టిక ఫైలు):

"మా మండలంలోని పీజోమీటర్లన్నింటి నెలవారీ నీటిమట్టం, 2015 జూన్ నుంచి 2025 మే వరకు, మీ కంప్యూటరులో ఉన్న ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలుగానే ఈమెయిల్‌లో గానీ సీడీలో గానీ ఇప్పించగలరు. ప్రతి పీజోమీటరుకు గ్రామం పేరు, అక్షాంశ రేఖాంశాలు, మొత్తం లోతు కూడా ఇవ్వగలరు. ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు సెక్షన్ 2(జె)లోనూ, కోరిన రూపంలోనే ఇవ్వాలన్న నియమం సెక్షన్ 7(9)లోనూ ఉన్నాయి."

ఆ చివరి వాక్యం లేకపోతే ఎక్సెల్‌లో ఉన్నదాన్నే ప్రింటు తీసి, జిరాక్సు చేసి, పేజీకి ఇంత అని కట్టించుకుని కాగితాల కట్ట ఇస్తారు. దాన్ని మళ్లీ టైపు చేయాల్సింది మీరే. ఒక జాగ్రత్త: అదే 7(9) ఆఫీసు వనరుల మీద మరీ భారం పడేట్టయితే కోరిన రూపంలో ఇవ్వక్కర్లేదని కూడా అంటుంది. అందుకే ఒక మండలం, ఒక కాలం, ఒకే రకం డేటా అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

నాలుగో మెట్టు: శుభ్రం చేయడం

మొత్తం పనిలో సగానికి పైగా ఇదే. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

*ఊరి పేర్లు.* గూడూరు మండలం అనగానే ఏ గూడూరు? నెల్లూరు వైపు ఒకటుంది, కర్నూలు జిల్లాలో ఒకటి, కృష్ణా జిల్లాలో ఒకటి, తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఇంకొకటి. ఎమ్మిగనూరును ఇంగ్లీషులో ఒక శాఖ 'వై'తో మొదలుపెడుతుంది, ఇంకో శాఖ 'ఈ'తో. రెండు ఫైళ్లను పేరు ఆధారంగా కలిపితే సగం వరుసలు జారిపోతాయి, జారిపోయినట్టు మీకు తెలియను కూడా తెలియదు. దీనికి మందు లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ, అంటే ఎల్‌జీడీ కోడు. ప్రతి జిల్లాకూ మండలానికీ పంచాయతీకీ కేంద్రం ఒక నంబరు ఇచ్చింది. ముందుగా ఎల్‌జీడీ కోడుకు ఒక కాలమ్ పెట్టి, పేరు ఎలా ఉన్నా కోడు మాత్రం సరిగ్గా రాయండి. పేర్లు వేలల్లో ఉంటే ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకేలా ఉన్నవాటిని గుంపులుగా చూపిస్తుంది. ఏది కలపాలో ఏది వద్దో నిర్ణయం మాత్రం మీదే.

*జిల్లాలు మారడం.* తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2021 నాటి అనంతపురం జిల్లా సగటు వాననూ 2023 నాటి అనంతపురం సగటునూ పక్కపక్కన పెట్టి "వాన పెరిగింది" అనో "తగ్గింది" అనో అంటే ఆ మాటకు అర్థం లేదు. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాక ఆ రెండు సగటులూ వేర్వేరు నేలలవి. కాబట్టి జిల్లా సగటును వదిలేసి మండలం స్థాయికి దిగండి. మండలాల్లోనూ కొన్ని చీలాయి గానీ ఆ లెక్క సర్దడం తేలిక.

*తెలుగు ఫాంట్లు.* పాత పీడీఎఫ్‌లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. అందులోంచి కాపీ చేస్తే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి వస్తుంది. ఏ కంప్యూటరైనా తెలుగుగానే చదివే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు మిగిలిపోతాయి. ఊరి పేర్లు ఒక్కొక్కటీ కంటితో చూసుకోక తప్పదు. పీడీఎఫ్‌లో పట్టికలు ఉంటే, అవి స్కాన్ కాకపోతే, టాబ్యులా అనే ఉచిత సాధనం వాటిని సీఎస్‌వీగా తీసిస్తుంది. ఇక తెలుగున్న సీఎస్‌వీని ఎక్సెల్‌లో దాచేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్న ఆప్షనే ఎంచుకోండి. లేకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి.

*అంకెలు.* 1,25,000 అని కామాలతో ఉంటే కంప్యూటరు దాన్ని అంకెగా తీసుకోకపోవచ్చు, కామాలు తీసేయండి. 05-06-2023 అంటే జూన్ 5వ తేదీయా, మే 6వ తేదీయా? 2023-06-05 అని సంవత్సరం ముందు వచ్చేలా రాస్తే గొడవ లేదు. అన్నింటికన్నా ప్రమాదం సున్నా. వాన పడని రోజు 0. ఆ రోజు కొలిచేవాళ్లు రాకపోతే ఖాళీ. ఈ రెండింటినీ కలిపేస్తే లేని కరువు పుట్టుకొస్తుంది.

*కొలత అర్థం.* వాతావరణ శాఖ లెక్కలో రోజు అంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. సోమవారం సాయంత్రం పడ్డ వాన మంగళవారం ఖాతాలో ఉంటుంది. నీటిమట్టమేమో నేల మట్టం నుంచి కిందికి ఎన్ని మీటర్లో చెబుతుంది. అంకె పెరిగిందంటే నీళ్లు పడిపోయాయని అర్థం. గ్రాఫు గీసేటప్పుడు సున్నా పైన, పెద్ద అంకె కింద ఉండేలా తిప్పి పెట్టండి. లేకపోతే గీత పైకి లేవడం చూసి సభలో నీళ్లు పెరిగాయని చప్పట్లు కొడతారు.

ఐదో మెట్టు: ఖాళీల్ని మీరే నింపండి

మండలానికి నాలుగైదు పీజోమీటర్లే ఉంటే మీ ఊరి బోర్ల సంగతి వాటితో పూర్తిగా తేలదు. ఊరి నలుదిక్కులా ఐదారు బోర్లు ఎంచుకుని నీటిమట్టం మీరే కొలవండి. నీళ్లు తగలగానే శబ్దం చేసే కొలత టేపులు దొరుకుతాయి. మోటారు ఆపి కొన్ని గంటలైనా అయ్యాకే కొలవాలి. తెల్లవారుజామున కరెంటు రాకముందు కొలిస్తే మేలు. కేసింగ్ పైపు నేల మీద ఎంత ఎత్తు లేచి ఉందో ఆ కొలత మొత్తంలోంచి తీసేయాలి. సబ్‌మెర్సిబుల్ మోటారున్న బోరులో టేపు పైపుకు చుట్టుకుని ఇరుక్కుపోవచ్చు. అందుకే వాడకుండా వదిలేసిన బోర్లు దొరికితే వాటితోనే మొదలుపెట్టండి.

ఫైలులో ఈ కాలమ్‌లు చాలు: తేదీ, ఎల్‌జీడీ కోడు, బోరు కోడు, నీటిమట్టం మీటర్లలో, మోటారు ఆపి ఎన్ని గంటలైంది, గమనిక. చివరి కాలమ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. "పక్క పొలంలో కొత్త బోరు పడింది" అన్న ఒక్క మాట, రెండేళ్ల తర్వాత గ్రాఫులో పడిన గుంటకు అదే జవాబు.

ఆరో మెట్టు: గ్రామసభకు అర్థమయ్యే లెక్క

గ్రాఫులు చూపిస్తే జనం మర్యాదగా తలూపుతారు. ఎకరాల్లో చెబితే లేచి నిలబడి వాదిస్తారు. మనకు కావలసింది ఆ వాదనే.

ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 1,000 ఎకరాల ఊళ్లో ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. అంటే సుమారు 24 లక్షల ఘనపు మీటర్లు. రాయలసీమ, తెలంగాణల్లో ఎక్కువగా ఉన్న గట్టి రాతి నేలల్లో అందులో భూమిలోకి ఇంకేది పదో వంతుకు అటూ ఇటూ. సుమారు 2.4 లక్షల ఘనపు మీటర్లు అన్నమాట. వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలంటే ఎకరానికి దాదాపు 4,850 ఘనపు మీటర్లు. భాగించి చూడండి: ఏడాదంతా ఇంకిన నీళ్లు 50 ఎకరాల వరికి సరి. అదే 500 మిల్లీమీటర్లతో గట్టెక్కే వేరుశనగకైతే 120 ఎకరాలు. తాగునీళ్లు, పశువుల నీళ్లు ఇంకా తీయనే లేదు.

ఇది మోటు లెక్కేనని సభలో ముందే చెప్పండి. చెరువు నుంచి ఇంకేది, వరి మళ్లలోంచి మళ్లీ కిందికి దిగేది ఇందులో లేవు. భూగర్భ జల శాఖ వాళ్లను పిలిస్తే సవరించి ఇస్తారు. వాళ్ల భాషలో ఏటా ఇంకే నీటిలో తోడుతున్నది 70 శాతం దాటితే పాక్షిక సంక్లిష్టం, 90 దాటితే సంక్లిష్టం, 100 దాటితే మితిమీరిన వాడకం. మీ మండలం ఏ గడిలో ఉందో సభకు వెళ్లేముందే చూసుకోండి.

2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్ని మన పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ ఊళ్ల కోసం తొమ్మిది అంశాలుగా కుదించింది. అందులో ఒకటి నీటి సమృద్ధి ఉన్న గ్రామం. ప్రతి పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక రాయాలి, దానికి సభలు సాధారణంగా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతాయి. చాలాచోట్ల జరిగేదేమంటే నిరుటి సీసీ రోడ్డు, నిరుటి డ్రైనేజీ పేర్లు మార్చి ఎక్కించడం. మీ లెక్కతో "ఫలానా వాగు మీద చెక్‌డ్యామ్, ఫలానా కుంట పూడికతీత" అని, ఎందుకో కారణంతో సహా తీర్మానంలో రాయించండి. తీర్మానం నకలు తీసుకోవడం మర్చిపోవద్దు.

ఏడో మెట్టు: బయట పెట్టేముందు

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు తీసేసి బోరు కోడు మాత్రమే ఉంచండి. ఇది మొహమాటం కోసం చెప్పే మాట కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం బోర్లు రిజిస్టరు చేయించాలి, చాలామంది చేయించలేదు. మీ ఫైలు చూసి ఎవరి మీదైనా నోటీసు వస్తే, మరుసటి ఏడాది ఒక్క రైతు కూడా బోరు మూత తీయనివ్వడు. బోరు ఎండిందని తెలిస్తే ఆ పొలం ధర కూడా పడిపోతుంది. బోరు ఉన్న చోటును కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలతో కాకుండా కిలోమీటరు గడిగా చూపండి. ఇదంతా రైతుకు ముందే చెప్పి ఒప్పుకున్నాకే కొలవండి. ఉపాధి హామీ మస్టర్లలో (హాజరు పట్టీల్లో) కూలీల పేర్లు ప్రభుత్వ సైట్‌లో కనిపిస్తాయి కదా అని వాటిని మీ ఫైల్లోకి ఎత్తి పోయకండి.

లైసెన్సు సంగతి త్వరగా తేలిపోతుంది. కేంద్ర పోర్టల్ డేటాకు 2017లో వచ్చిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు వర్తిస్తుంది. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెబితే చాలు, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. మీరు సొంతంగా కొలిచినదానికి క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 పెట్టండి, అదీ మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సే. "వ్యాపారానికి వాడరాదు" అన్న షరతు తగిలించాలనిపిస్తుంది గానీ వద్దు. రేపు ఒక పత్రికో, బిందుసేద్యం పరికరాలు అమ్మే చిన్న దుకాణమో వాడుకోబోతే ఆ షరతే అడ్డొస్తుంది.

సీఎస్‌వీ పక్కన ఒక వివరణ ఫైలు తప్పనిసరి: ఎవరు, ఎప్పుడు, దేనితో కొలిచారు, ప్రతి కాలమ్‌కు ప్రమాణం ఏమిటి, ఏ నెలలు ఖాళీ, తప్పు కనిపిస్తే ఎవరికి చెప్పాలి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఫైళ్లు ఉచితంగా పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టొచ్చు, లేదా పదేళ్ల తర్వాత కూడా దొరకాలంటే పరిశోధన డేటా దాచే జెనోడో సైట్‌లో. చెరువులు, కుంటలు, చెక్‌డ్యామ్‌ల స్థానాల్ని ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించండి. అక్కడ తెలుగు పేరుకు విడిగా చోటుంది. ఇవన్నీ చేశాక కూడా ఊళ్లో జనానికి చేరేది వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క ఫొటో, పంచాయతీ గోడ మీద సున్నంతో రాసిన నాలుగు అంకెలే. వాటిని ముందు చేయండి, గిట్‌హబ్ తర్వాత.

ఎనిమిదో మెట్టు: రెండో ఏడాది

ఇలాంటి పనులు చాలావరకు రెండో ఏడాది ఆగిపోతాయి. మొదలుపెట్టిన కుర్రాడికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తుంది, పాస్‌వర్డు అతనితో పోతుంది. ఖాతా ఇద్దరి పేరు మీద ఉంచండి. హైస్కూల్లో సైన్సు టీచరుకు ఆసక్తి ఉంటే వాన కొలిచే పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించండి. ఉదయం 8:30 కొలత బడి వేళకు సరిగ్గా సరిపోతుంది, సెలవుల్లో ఎవరు చూస్తారో మాత్రం ముందే అనుకోవాలి. కొలతలన్నీ కుదరకపోతే మే చివర ఒకసారి, నవంబరులో ఒకసారి నీటిమట్టం చూస్తే చాలు. ఆ రెండు అంకెలు ఏటా తప్పకుండా ఉంటే పోల్చి చూడటానికి వీలుంటుంది.

శుభ్రం చేసిన ఫైలును, అందులో మీరు పట్టుకున్న తప్పుల జాబితాను, డేటా ఇచ్చిన ఆఫీసుకు తిరిగి పంపండి. ఆరోపణలా కాకుండా "ఈ 14 వరుసల్లో తేదీ, నెల తారుమారైనట్టుంది, సరిచూడగలరు" అన్న ధోరణిలో రాయండి. ఆ ఉత్తరంతో పాటు ఒక చిన్న విన్నపం: ఇకపై ఈ పట్టికలో ఎల్‌జీడీ కోడు కాలమ్ చేర్చి, ప్రతి నెలా సీఎస్‌వీగా పోర్టల్‌లో పెట్టగలరా? కిందటి గ్రామసభ తీర్మానం నకలు దానికి జతచేయండి.